చమురుబావుల కొలువు: ఇంటికి లాభమెంత, నష్టమెంత?

గడచిన రెండు నెలలలో మాకు మూడు జాబులు చేరినవి. మూడింటిని వ్రాసినవారు తల్లులే. ఒకటి తెనాలినుండి, ఒకటి బాపట్లనుండి, మూడవది రేపల్లెనుండి వచ్చినది. ఈ మువ్వురును ఒకరినొకరు ఎరుగరు. అయినను మువ్వురడిగిన ప్రశ్న ఒక్కటియే: మా బిడ్డకు చమురుబావులలో పని దొరకినది, పంపుదుమా, మానుదుమా?

తెనాలి సోదరి కుమారుడు మెకానికల్ డిప్లొమా చదివినవాడు. బొంబాయి సముద్రములోని బావులమీద, ఒక గుత్తసంస్థ క్రింద, 28 దినములు పని, 28 దినములు ఇల్లు అను లెక్కన కొలువు కుదిరినది. పెండ్లియై యింకను ఏడాది నిండలేదు. బాపట్ల సోదరి వ్రాసినది కుమార్తె విషయము. ఆ పిల్ల ఇంజనీరింగు చదివి, రాజమహేంద్రవరము వైపున బావులయొద్ద ఇంజనీరుగా ఎన్నికయైనది. "రాత్రివేళ బావులకడ తిరుగు పిల్లను ఎవరు చేసికొందురు?" అని బంధువులు అడుగుచున్నారట. రేపల్లె సోదరి కుమారుడు పదియవ తరగతి తప్పి వెల్డింగు నేర్చినవాడు. గల్ఫ్‌లో చమురు గొట్టముల పని యిప్పింతునని ఒక దళారి 1,50,000 రూపాయలడుగుచున్నాడు. అంత సొమ్ము చేతలేక, కోడలి మెడలోని నానుత్రాడు కుదువపెట్టుదునా యని ఆ తల్లి మమ్మడిగినది.

ఈ ముగ్గురికిని ఒక్క మాటలో అవుననియో కాదనియో చెప్పుట మాకు చేతకాలేదు. దూరపు కొండలు నునుపు అనుట నిజమే. అట్లే దూరపు చీకటి మిక్కిలి నల్లగా తోచుటయు నిజమే. పొరుగింటి కుఱ్ఱవాడు కట్టిన మేడను చూచి ఆశపడుట, పత్రికలో ప్రమాదవార్త చదివి బెదరుట, ఈ రెండును విచారణ కాజాలవు. కావున ఆ పని యెట్టిదో, అది ఇంటికి ఏమి యిచ్చునో, ఇంటినుండి ఏమి తీసికొనునో క్రమముగా చూతము.

మొదట పని సంగతి. భూమిలో చమురు చెరువులోని నీటివలె నిలిచియుండదు. ఇసుకరాతి సన్నని రంధ్రములలో, తడిగుడ్డ నీటిని పట్టియుంచినట్లు, రాయి చమురును వాయువును పట్టియుంచును. దానిపైన గట్టిరాతి పొర మూతవలె కప్పియుండుటచేత అది పైకి రాలేక, గొప్ప ఒత్తిడితో అణగియుండును. ఆ మూతకు రంధ్రము చేయుటయే బావి త్రవ్వుట. పొయ్యిమీది ప్రెషరు కుక్కరు మూతను ఆవిరి పోకముందే తీసిన నేమగునో మన గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు. వేల మీటర్ల లోతున నున్న కుక్కరు మూతకు రంధ్రము చేయువారి జాగ్రత్త ఎట్టిదై యుండవలయునో దానినిబట్టి ఊహింపవచ్చును.

ఇందుకై రిగ్గు అను ఇనుపగోపురమును నిలిపి, గొట్టమునకు గొట్టము మరతో బిగించుచు లోనికి దింపుదురు. త్రవ్వుచున్నంతసేపును ఆ గొట్టములగుండ చిక్కని బురదనీటిని పంపుచుందురు. ఆ బురద రాతిపొడిని పైకి తెచ్చును. తన బరువుతో క్రింది ఒత్తిడిని అణచిపట్టును. ఆ బరువునకై కలుపునది మన కడపసీమలోని మంగంపేట ముగ్గురాయి. దీనినే బెరైటీసందురు. మంగంపేట నిల్వలు ప్రపంచములోని మిక్కిలి పెద్దవానిలో చేరినవి. అక్కడి రాయి పొడియై విదేశముల చమురుబావులకును పోవుచున్నది. బురద అదుపు తప్పిన పక్షమున బావి నోరు మూయుటకు పెద్ద ఇనుపకవాటము లుండును. ఇవియు పనిచేయనినాడే గొప్ప ప్రమాదము కలుగును.

అక్కడ పనివాని దినము సాధారణముగా 12 గంటలది. ఒక జట్టు పగలు, ఒక జట్టు రాత్రి. గొట్టములు బరువైనవి, నేల జారుడుగా నుండును, యంత్రముల రొద చెవులు దిబ్బడవేయునట్లుండును. వ్రేళ్లు నలుగుట, నడుము పట్టుట, వినికిడి తగ్గుట ఈ పనిలో తరచు వినబడునవే. కొన్ని బావులలో హైడ్రోజన్ సల్ఫైడను విషవాయువు వచ్చును. అది కొద్దిగా నున్నప్పుడు క్రుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వేయును. ఎక్కువైనచో వాసన పట్టు శక్తినే చంపివేయును. వాసన పోయినదిగదా యని నిలిచినవాడు ప్రాణమే కోల్పోవును. అందుచేతనే అక్కడ ముక్కును నమ్మరాదు, చేతనున్న మీటరును నమ్మవలెనని నేర్పుదురు.

ఈ కొలువు మన తెలుగువారికి క్రొత్తది కాదు. 1886లో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ, ఐరావతీ నదీతీరమున యెనాంజాంగ్ కడ బావులు త్రవ్వించి, ఆ చమురును రంగూనున కెదుటి యొడ్డుననున్న సిరియం కర్మాగారమునకు తెప్పించి శుద్ధిచేయించుచుండెడిది. ఆ కాలమున కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మనవారు పొగయోడలెక్కి ఏటేట రంగూనునకు పోవుచుండిరి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని తెలుగువారు ఇంచుమించు లక్షన్నరమంది. అక్కడివారు వీరిని కోరంగీలని పిలిచెడివారు. ధాన్యపు మిల్లులలో, రేవులో, సిరియంవంటి కర్మాగారములలో దేహకష్టము చేసినవారిలో వీరు పెక్కండ్రు. మేస్త్రీ ముందుగా నిచ్చిన అప్పుతో వీరిలో చాలమంది ప్రయాణము సాగెడిది. ఆ అప్పు తీరువరకు జీతములో తొలిభాగము మేస్త్రీదే.

ఆ సొమ్ముతో ఈవలి యొడ్డున నేలలు కొన్నవారు, ఆడపిల్లల పెండ్లిండ్లు చేసినవారు లేకపోలేదు. కాని 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో సిరియం కర్మాగారమును, ఏప్రిల్ నడుమ యెనాంజాంగ్ బావులను శత్రువున కందకుండ ఆంగ్లేయులే ధ్వంసము చేసిరి. ఎన్నో యేండ్లుగా అన్నము పెట్టిన బావులు కొలదిదినములలో బూడిదయైనవి. లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. వేలకొలది జనులు మార్గమధ్యముననే కలరాచేతను, ఆకలిచేతను నశించిరి.

అది యుద్ధకాలపు మాట, ఇప్పుడేమి యందురేమో. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినప్పుడును ఇదియే జరిగినది. 1,70,000 మందికి పైగా భారతీయులను జోర్డాను రాజధాని అమ్మాన్ నుండి విమానములలో స్వదేశమునకు చేర్పవలసి వచ్చినది. వారిలో మన తెలుగువారును గలరు. ఏండ్లకొలది కూడబెట్టినది అక్కడి బ్యాంకులలో విడిచి, ఒక్క సంచితో దిగినవారెందరో. చమురు దొరకుచోట సంపద యుండును. సంపద యున్నచోట రాజ్యముల కన్నుండును. ఈ మాట మన లెక్కలో నొక పద్దుగా వ్రాసికొనవలెను.

ఇక మన యింటి ముంగిటి సంగతి. కృష్ణాగోదావరుల ముఖద్వారముల క్రింద చమురు, వాయువు గలవని తెలియుటకు అంత పూర్వకాలము పోనక్కరలేదు. 1956లో ఏర్పడిన చమురు సహజవాయు సంస్థ (ఓ.ఎన్.జి.సి.) 1970 దశకము చివర నరసాపురముకడ వాయువును కనుగొన్నది. అటుపిమ్మట రాజోలు ప్రాంతమునను, కోనసీమ తీరమున రవ్వ క్షేత్రమునను చమురు, వాయువు లభించినవి. 2002లో రిలయన్సు సంస్థ నడిసముద్రమున డి-6 అను క్షేత్రమును కనుగొనగా, 2009లో దానినుండి వాయువు తీయుట ఆరంభమైనది. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. మరియొక లోతుసముద్ర క్షేత్రమునుండి మొదటిసారి చమురు తీసినది. ఈ పనుల పేరు వినియే తెనాలి, బాపట్ల, రేపల్లెల పిల్లలకు ఆశ పుట్టుచున్నది.

కాని యిందొక మెలిక కలదు. బావి త్రవ్వునప్పుడు కావలసినంతమంది మనుష్యులు, త్రవ్విన తరువాత అక్కరలేదు. చమురో వాయువో గొట్టమున బడినపిదప కొలదిమంది నిపుణులు చాలుదురు. ఊరి ప్రక్కన బావి పడినంతమాత్రమున ఊరివారికెల్ల శాశ్వతమగు కొలువు దొరకునని యనుకొనరాదు. పైగా బావి ప్రక్కవారికి దాని భయమును పంచుకొనక తప్పదు. 1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడికడ ఒక బావి అదుపు తప్పి నిప్పంటుకొని, 65 దినములు మండినది. విదేశములనుండి నిపుణులు వచ్చి మార్చి నెలలో ఆర్పిరి. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున వాయుగొట్టము పగిలి మంటలు లేచి 20 మందికి పైగా చనిపోయిరి. వారిలో చాలమంది ఆ కొలువు చేసినవారు కారు. తమ యిండ్లలో నున్నవారు.

ఇక లాభములు లెక్కింతము. లాభములను తగ్గించి చెప్పుట మా యుద్దేశము కాదు.

మొదటి లాభము జీతము. చదువుకు తగిన కొలువు మన యూళ్లలో దొరకినచోటకన్న ఇక్కడ ఎక్కువ ముట్టును. సముద్రముపై కూడు, పడక సంస్థవే, ఖర్చుపెట్టుటకు అంగడి లేదు, మద్యము నిషిద్ధము. కాబట్టి వచ్చినదానిలో మిగులునది హెచ్చు. రెండవ లాభము క్రమశిక్షణ. మంచి సంస్థలలో చిన్న పని మొదలుపెట్టుటకును వ్రాతపూర్వకమగు అనుమతి కావలయును. ప్రమాదము తోచినచో కొత్తగా చేరిన కుఱ్ఱవాడైనను "ఆపుడు" అని పై యధికారికి చెప్పవచ్చును. ఆ యలవాటు మనిషిని దిద్దును. మూడవ లాభము విద్య. వెల్డింగు, పంపుల మరమ్మతు, మీటర్ల పని, బరువులెత్తు క్రేను పని, ఇవి చమురుతోనే పోవునవి కావు. ఓడరేవులలోను, విద్యుత్కేంద్రములలోను, కర్మాగారములలోను చెల్లును. రేపు లోకము చమురు వాడకము తగ్గించినను, చేతిపని వచ్చినవాడు పస్తుండడు. నాలుగవ లాభము సెలవు. ఓ.ఎన్.జి.సి.లో క్షేత్రపు పనివారికి 14 దినములు పని, 14 దినములు విశ్రాంతి. కొన్ని సంస్థలలో 28కి 28. ఏడాదిలో సగము దినములు తండ్రి పిల్లల కన్నులయెదుట పగలంతయు నుండుట పట్టణపు కచేరీ ఉద్యోగికైనను దొరకునా?

ఇక నష్టములు. ప్రాణభయము మొదటిది. బొంబాయి హైలో 1974లో చమురు దొరకినది. 2005 జూలై 27న అక్కడ జరిగిన యొక సంగతి మనవంటి వంటయింటివారు ప్రత్యేకముగా తలచుకొనదగినది. ఓడలోని వంటవానికి వ్రేళ్లు తెగినవి. వైద్యమునకై అతనిని వేదికపైకి చేర్పబోగా, అలల తాకిడికి ఓడ వేదికయొక్క చమురుగొట్టములకు తగిలి నిప్పంటుకొన్నది. కొన్ని గంటలలో వేదిక సముద్రము పాలైనది. 22 మంది మరణించిరి. 360 మందికి పైగా రక్షింపబడిరి. 2021 మే నెలలో తౌక్తే తుపానున అదే సముద్రమున చమురు పనివారు 261 మంది యున్న పి-305 అను బార్జి మునిగినది. ఆ బార్జిమీదివారు, ఆ గాలివానలోనే మునిగిన టగ్గుమీదివారు కలిసి 80 మందికి పైగా పోయిరి. 1977 నవంబరు ఉప్పెనను చూచిన మన రేపల్లె, నిజాంపట్నముల వృద్ధులకు గాలివాన హెచ్చరికను లెక్కచేయనివాని గతి యేమగునో ఒకరు చెప్పనక్కరలేదు. ఈ ప్రమాదములన్నియు దినదినము జరుగునవి కావు. వేలమంది ఈ పని చేసి క్షేమముగా ఇల్లు చేరుచున్నారు. అయినను, జరిగిననాడు తప్పించుకొను చోటుండదు. ఇదియే ఈ కొలువునకును తక్కిన కొలువులకును గల భేదము.

రెండవ నష్టము నిలుకడ లేమి. చమురు ధర సంతలోని మిరపకాయ ధరవంటిది. 2014 నడుమ పీపా ధర 110 డాలర్లు దాటియుండగా, 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువకు పడినది. 2020 ఏప్రిల్ 20వ తేదీన అమెరికా సంతలో సున్నకంటెను క్రిందికి దిగినది. అనగా సరకు తీసికొనిపొండని అమ్మువాడే ఎదురు సొమ్మిచ్చినాడు. ధర పడినప్పుడు మొట్టమొదట నిలుచునది క్రొత్త బావుల త్రవ్వకము. త్రవ్వకము నిలిచిన గుత్తపు పనివాడు ఇంటికి వచ్చును. హ్యూస్టనులో గొప్ప జీతమున నున్న మన తెలుగు ఇంజనీర్లును ఈ దెబ్బలు తిన్నవారే. కావున నెలజీతమును నమ్మి ఇరువదేండ్ల బ్యాంకు అప్పుతో మేడ మొదలుపెట్టుట ఈ కొలువున కిమిడినది కాదు.

మూడవ నష్టమును పురుషులు వ్రాసిన లెక్కలలో మేమెన్నడును చూడలేదు. అది ఇంటనుండు స్త్రీ చెల్లించు వెల. మగడు సముద్రముపై నున్న నెలలో అత్తగారి మందులు, పిల్లవాని జ్వరము, పాలవాని లెక్క, కౌలురైతుతో మాట, కరెంటు బిల్లు, అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడు, సర్వము ఆమెవే. ఆ నెల ఆమె యింటికి యజమానురాలు. అతడు తిరిగివచ్చిన నెలలో అన్నిటికిని అతనిని అడుగవలయును. పిల్లలు తండ్రికి క్రొత్త. తండ్రికి ఇంటి క్రమము క్రొత్త. రాత్రిజట్టునుండి వచ్చినవాడు పగలు నిద్రించి రాత్రి మేలుకొనును. మొదటి వారమంతయు నిద్ర సరిపడక చిరాకుపడును. చివరి వారమంతయు ప్రయాణపు దిగులు. 28 దినములలో హాయిగా నుండునవి రెండు వారములే యని ఒక యిల్లాలు మాతో ననెను. సంక్రాంతి వచ్చును, అతడుండడు; మరుదుల పెండ్లి వచ్చును, అతడుండడు; ఆమె పురుడు వచ్చును, అతడుండడు. సంస్థ పెద్దజీత మిచ్చుట ఊరక కాదు. అందులో నొకభాగము అతని కష్టమునకు, ఒకభాగము అపాయమునకు, మిగిలిన భాగము ఆమె యెడబాటునకు. జీతమును ముగ్గురి కష్టముగా చూచు ఇంటిలో ఆ సొమ్ము నిలుచును; అతని యొక్కనిదిగా చూచు ఇంటిలో నిలువదు.

గల్ఫ్ కొలువుల నష్టమును వేరుగా చెప్పవలెను. అక్కడ సాధారణముగా రెండేండ్ల ఒప్పందము. నెలకు నెల వచ్చుట లేదు. పని జరుగుచోటనేకాదు, పడుకొను చోటను భయమున్నది. 2024 జూన్ 12న కువైటులోని మంగఫ్‌లో పనివారి నివాసమున నిప్పంటుకొని ఇంచుమించు 50 మంది మరణింపగా, వారిలో అత్యధికులు భారతీయులే.

దళారి అడుగు సొమ్మును గూర్చి చట్టమేమనుచున్నదో మన తల్లులు తెలిసికొనవలెను. 1983నాటి వలస చట్టము ప్రకారము విదేశపు కొలువు కుదుర్చువాడు ప్రభుత్వముచేత నమోదు పొందియుండవలెను. అతడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. నమోదైనవాడా కాడా యని ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ పట్టికలో చూచుకొనవచ్చును. పదియవ తరగతి ప్యాసు కానివారు గల్ఫ్ దేశములకు కొలువుకై పోవుటకు వలసదారుల సంరక్షకాధికారి అనుమతి కావలయును. వారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు కొలదిగా 275 రూపాయలు కట్టిన 10 లక్షల బీమా లభించును. అనుమతి బాధ తప్పించుటకు "ముందు చూచివచ్చు వీసాపై పొమ్ము, అక్కడ మార్చుకొందువు" అని చెప్పువాడు చట్టపు రక్షణ నంతయు త్రెంచి పంపుచున్నాడని తెలిసికొనవలెను.

1,50,000 రూపాయల అప్పు ఎంత బరువో ఒకసారి వ్రాసి చూతము. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో మొదటి నెల వడ్డీయే 3,000. కుఱ్ఱవాడు నెలకు 25,000 పంపి, ఇంటివారు 12,000తో సరిపెట్టుకొని, మిగిలిన 13,000 తప్పక కట్టినను అప్పు తీరుటకు పదమూడు పదునాలుగు నెలలు పట్టును. అనగా రెండేండ్ల ఒప్పందములో సగముపైన దళారికొరకే పాటుపడుట. ఈలోపున కొలువు పోయినను, దేహము చెడినను అప్పు మిగులును. నాడు రంగూను మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సునకును, నేటి ఈ అప్పునకును పేరు మారినదేగాని రీతి మారలేదు.

ఆడపిల్లల మాట మిగిలినది. 1952నాటి గనుల చట్టము, చమురుబావులను కూడ గనులలో చేర్చి, రాత్రి 7 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు స్త్రీలను పనిలో నుంచరాదన్నది. ఇందుచేత ఎందరో చదువుకొన్న పిల్లలు బావికడ పని నేర్వలేక కచేరీలకే పరిమితులైరి. 2019లో ప్రభుత్వ మా నిర్బంధమును సడలించి, స్త్రీ వ్రాతమూలకముగా సమ్మతించి, రక్షణయేర్పాటులున్నచో రాత్రియు పని చేయవచ్చునన్నది. 2016లో విశాఖపట్టణమున స్థాపింపబడిన భారత పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థలో ఆడపిల్లలును చదువుచున్నారు. ఈ పిల్లలు పురుషులతో సమానముగా లెక్కలు వేసి బావి ఒత్తిడిని కనిపెట్టగలిగియుండగా, వరుడు దొరకడను భయముతో వారి విద్యను మూలబెట్టుట న్యాయమా? బంధువులడుగవలసిన ప్రశ్న వేరు: అక్కడ పడకగదికి తాళమున్నదా, స్త్రీలకు వేరు స్నానగృహమున్నదా, రాత్రి జట్టునకు నమ్మదగిన వాహనమున్నదా, ఫిర్యాదు వినుటకు సంఘమున్నదా. ఈ నాలుగింటికి తృప్తికరమగు సమాధానము వచ్చినపిమ్మట మిగిలినది లోకుల మాట మాత్రమే.

ఇంతదూరము విచారించిన మీదట మాకు తోచినది ఇది. చమురుబావి కొలువు చేయదగినదే. కాని దానిని జీవితమునకు పునాదిగా గాక, జీవితములో నొక కాలముగా తలచి చేయవలెను. ఎన్నేండ్లు చేయవలెనో, ఎందుకు చేయవలెనో పోకముందే ఇంట కూర్చుండి నిర్ణయించుకొనవలెను. అప్పు తీర్చుటకా, రెండెకరముల నేలకా, చెల్లెలి చదువునకా? ఆ పని నెరవేరిననాడు మరలి రాదగిన మార్గమును చూచుకొనవలెను. మేర లేని సంపాదనకు మనస్సు అలవాటుపడినపిదప, ఇల్లు వాని యూరు కాక విడిదియగును.

ఆ నిర్ణయములో కోడలును కూర్చుండవలెను. ఒప్పందపు నకలు, సంస్థ పేరు, అక్కడి చిరునామా, టెలిఫోను, బీమా కాగితము, పాస్‌పోర్టు నకలు ఆమె పెట్టెలో నుండవలెను. బీమాలోను, భవిష్యనిధిలోను నామినీగా ఆమె పేరు వ్రాయించినారో లేదో కన్నులార చూడవలెను. జీతము ఏ బ్యాంకులో పడునో ఆ లెక్క ఆమెకు తెలిసియుండవలెను. ఇవి శంకతో చేయు పనులు కావు. దీపము పెట్టునప్పుడు చుట్టు గుడ్డలేవియు లేకుండ చూచుకొనుటవంటివి.

తెనాలి సోదరికి మా సమాధానము: పంపుడు. కాని ఆరునెలల జీతము వేరుగా దాచువరకు మేడమాట తలపెట్టకుడు. మీ కోడలు పుట్టింటికి పోయివచ్చుటకును, తన చదువో పనియో సాగించుకొనుటకును ఆ 28 దినములలో అడ్డుచెప్పకుడు. ఒంటరిగా నుంచి పనులు మాత్రము అప్పగించిన కోడలు, మగని జీతముతో సంతోషింపదు.

బాపట్ల సోదరికి: ఒక్కసారి పిల్లతోకూడ వెళ్లి ఆ చోటు చూచిరండు. మేమడిగిన నాలుగు ప్రశ్నలు అడుగుడు. సమాధానములు బాగున్న పంపుడు. బావికడ పనిచేయు పిల్లను వలదను వరుడు, ఆమెకు తగినవాడు కాడని తెలిసినదిగదా. అదియు నొక లాభమే.

రేపల్లె సోదరికి: అమ్మా, ఈ దళారితో పంపకుడు. చట్టము 30,000 అనుచుండగా 1,50,000 అడుగువాడు, మాటలో నిలుచునని ఏమి నమ్మకము? మీ పిల్లవాని చేతిలో వెల్డింగు విద్య యున్నది. ముందుగా తప్పిన పదియవ తరగతి పరీక్ష ఓపెన్ స్కూలులో కట్టింపుడు. వెల్డింగు పనికి ధ్రువపత్రము తెచ్చుకొననిండు. అటుపిమ్మట నమోదైన సంస్థద్వారా, ఒప్పందము చదివి, బీమా కట్టి పోనిండు. ఏడాది ఆలస్యమైనను అప్పు లేక పోవును. అప్పులేక పోయినవాడు, అక్కడ పని మంచిది కాదని తోచిననాడు తిరిగిరాగలడు. అప్పుతో పోయినవానికి ఆ స్వాతంత్ర్యము లేదు.

ఇక కోడలి నానుత్రాడు మాట. అది ఆమె తల్లిదండ్రులు ఆమెకిచ్చినది. దానిని కుదువపెట్టవలసిన కష్టము వచ్చినచో ఆమెయే తీసియిచ్చును. ఆమె నడుగక తీయవలసి వచ్చు కొలువు మాత్రము, అది చమురుబావిలోనైనను బంగారుగనిలోనైనను, మీ యింటికి లాభము కాదు.